నార, పీచు, పోగు

ఫైబర్ అనే మాట ఇప్పుడు ఊరూరా వినిపిస్తోంది. పెళ్లి పందిట్లో వేసేవి ఫైబర్ కుర్చీలు. స్నానాల గదికి ఫైబర్ తలుపు. మన సముద్రతీరంలో పాత కర్ర తెప్పల చోట ఇప్పుడు ఉన్నవి ఫైబర్ బోట్లు. ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే తీగ ఫైబర్. రోజూ తినమని డాక్టరుగారు చెప్పేదీ ఫైబరే. వీటిలో ఆ కుర్చీకి మాత్రం ఈ పేరు చెల్లదు. అది అచ్చులో పోసిన ప్లాస్టిక్, అందులో పోగన్నదే లేదు. బోటుకు చెల్లుతుంది. గాజును వెంట్రుక కన్నా సన్నగా లాగి, చాపలా పరిచి, రెజిన్‌తో తడిపి, పొర మీద పొర అతికితే ఆ బోటు తయారవుతుంది. రాయి తగిలితే భళ్లున పగిలే గాజు, పోగై రెజిన్‌తో కలిస్తే, అలల దెబ్బలకు ఓర్చుకుంటుంది.

మన పాతవాళ్లు ఇన్నిటికీ ఒకే మాట వాడలేదు. కాండం నుంచి ఒలిచింది నార, కొబ్బరి డొక్కలోంచి వచ్చింది పీచు, దూదిలోంచి తీసింది పోగు. చేతితో పని చేసేవాళ్లకు వాటి తేడా తెలియాలి గనుక పేర్లు వేరయ్యాయి. అయితే ఒక్కోదాన్ని దగ్గరగా చూసినకొద్దీ వాటి చుట్టరికం బయటపడుతుంది. ముందుగా దూదినే చూద్దాం.

పత్తి గింజ పైతోలు మీద ఉండే ఒకే ఒక కణం సాగి సాగి ఒక పోగు అవుతుంది. మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు, పొడవు మాత్రం రెండున్నర, మూడు సెంటీమీటర్ల దాకా పోతుంది. కాయ పగిలి ఎండ తగిలేసరికి గొట్టంలా ఉన్న ఆ కణం ఆరిపోయి, చదునై, మెలికలు తిరుగుతుంది. మనం కట్టుకునే బట్టకు ఆధారం ఆ మెలికలే. ఒక పోగు మెలిక పక్క పోగును పట్టుకుంటుంది కాబట్టే వడికేటప్పుడు ఏకులోంచి దారం తెగకుండా వస్తుంది. బూరుగు దూది ఇంతకన్నా మెత్తన, మెరుపూ ఎక్కువే. కానీ దాని పోగు నున్నగా జారిపోతుంది, పక్కదాన్ని పట్టుకోదు. అందుకే బూరుగు దూది దిండ్లలోకి, పరుపుల్లోకి పోయింది, మగ్గం మీదికి రాలేదు.

పత్తిపోగులో తొంభై శాతానికి పైగా ఉండేది సెల్యులోజ్. అంటే గ్లూకోజ్ అణువుల గొలుసు. మనం తినే అన్నంలోని పిండిపదార్థం కూడా గ్లూకోజ్ గొలుసే! మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు. కట్టిన పంచెకూ తిన్న మెతుకుకూ ముడిసరుకు ఒకటే, తేడా అంతా లంకె పడిన తీరులోనే. పిండిపదార్థంలో లంకె ఒక తీరుగా పడటంతో గొలుసు చుట్టలు తిరుగుతుంది. సెల్యులోజ్‌లో మరో తీరుగా పడి, గొలుసులన్నీ తిన్నగా సాగి, పక్కపక్కన ఒదిగి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. మన జీర్ణరసాలు మొదటి లంకెను తెంపగలవు, రెండోది వాటి వల్ల కాదు. అందుకే అన్నం అరిగిపోతుంది, తోటకూర కాడలోని పీచు అరగకుండా కిందికి పోతుంది. నేతగాడు చెప్పే పోగూ వైద్యుడు చెప్పే పీచూ రెండు వేర్వేరు సంగతులనుకుంటాం గానీ, చాలావరకు అవి ఒకటే పదార్థం.

ఉత్తరాంధ్రలో గోగు పండించిన రైతులు ఈ చుట్టరికాన్ని ఇంకో వైపు నుంచి ఎరుగుదురు. గోగూ గోంగూర జాతిదే. ఆకు కోస్తే పచ్చడి, కాండం ఊరబెడితే నార. కోసిన గోగును కట్టలు కట్టి, చెరువులో ముంచి, పైన బరువు పెట్టి రెండు మూడు వారాలు వదిలేస్తారు. ఆ రోజుల్లో చెరువు గట్టున వచ్చే వాసన తెలిసినవాళ్లు మరిచిపోరు. నీటిలోని సూక్ష్మజీవులు నారలను అతికి ఉంచిన పెక్టిన్ అనే జిగురును తినేస్తాయి. అప్పుడు మనుషులు నడుములోతు మురుగునీళ్లలో నిలబడి, కాడ తర్వాత కాడ తీసుకుని నార ఒలుస్తారు. మన పెద్దపేగులోనూ జరిగేది ఇలాంటిదే. మనకు అరగని పెక్టిన్ వంటి పీచును అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టుకుని తిని, బదులుగా బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని ఇస్తాయి. పెద్దపేగు లోపలి గోడ కణాలకు ముఖ్యమైన ఆహారం అదే.

పీచు గొప్పతనాన్ని ప్రపంచానికి గట్టిగా చాటినవాడు డెనిస్ బర్కిట్. ఐర్లండులో పుట్టి ఉగాండాలో ఏళ్ల తరబడి శస్త్రచికిత్సలు చేసిన వైద్యుడు. పీచు దండిగా తినే అక్కడి పల్లె జనంలో, పాశ్చాత్యులను వేధించే పేగు జబ్బులు అరుదుగా ఉండటం ఆయన గమనించాడు. ఇక బర్కిట్ అంత చెప్పినా మనం చేస్తున్నదేమిటి? బియ్యాన్ని మల్లెపూవుల్లా తెల్లబడేదాకా పాలిష్ పట్టించి, పీచున్న తవుడును వేరుచేసి, తర్వాత అదే పీచు కోసం మందుల దుకాణంలో ఇసబ్‌గోలు కొంటున్నాం. ఇది మంచి పద్ధతి కాదు. దంపుడు బియ్యం, జొన్నలు, రాగులు మన తాతల నాటి తిండే.

ఇంటర్నెట్ తెచ్చే గాజు పోగు కథ దూది పోగుకు ఎదురు. అందులో మెలికా ఉండకూడదు, మలినమూ ఉండకూడదు. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో శాస్త్రవేత్త హాప్కిన్స్‌తో కలిసి గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని చూపాడు. ఫైబర్ ఆప్టిక్స్ అన్న పేరు వ్యాప్తిలోకి తెచ్చినవాడూ ఆయనే. కానీ అప్పటి గాజులో వెలుగు ఇరవై మీటర్లు పోయేసరికే నూటికి ఒక వంతు మిగిలేది. 1966లో చార్లెస్ కావ్, జార్జి హాకమ్ ఒక మాట చెప్పారు: తప్పు గాజుది కాదు, గాజులో కలిసిన మలినాలది. వాటిని తీసేస్తే కిలోమీటరు దూరం పోయాక కూడా ఆ ఒక వంతు మిగులుతుంది, టెలిఫోన్లకు అది చాలు అన్నారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ చేసి చూపింది. ఇప్పటి పోగులో పదిహేను కిలోమీటర్లు వెళ్లాక కూడా సగం వెలుగు మిగులుతుంది. కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాల్లోనే ఈ పోగులకూ దారి వేశారు. పల్లెకు నీళ్లూ వెలుగుపోగూ ఒకే కందకంలో నడిచి వెళ్లడం నాకు ఎంతో నచ్చిన సంగతి.

దూది, గోగు, గాజు అన్నిటిలోనూ అసలు శ్రమంతా పోగును, పోగు కానిదాని నుంచి విడదీయడంలోనే ఉంది. ఆ శ్రమను దాని నిజమైన రూపంలో చూడాలంటే శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్లాలి.

అక్కడి ఆడవాళ్లు కొండపత్తిని గింజతో సహా చేతిలోకి తీసుకుని, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సూదుల్లా ఒత్తుగా ఉన్న ఆ సన్నని పళ్ల మధ్య చెత్త ఆగిపోతుంది, పోగులన్నీ ఒక దిక్కుకు తిరుగుతాయి. ఆ పని అంత సున్నితంగా చేసే పరికరం వాళ్లకు మరొకటి దొరకలేదు. తర్వాత చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీతో గింజ తీస్తారు. వింటితో ఏకుతారు. ఏకులు చుట్టి, అవి పాడవకుండా ఎండిన అరటి డొప్పలో దాచుకుంటారు. ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. అలా వచ్చే నూలు వంద కౌంటు ఉంటుంది. వంద కౌంటు అంటే ఒక పౌను, అంటే అర కిలోకు లోపే ఉన్న దూది నుంచి 840 గజాల చిలపలు వంద తీయడం. మొత్తం దాదాపు 77 కిలోమీటర్ల దారం! ఇంత దూరాన్ని బొటనవేలూ చూపుడువేలూ లాగుతాయి. ఆ వేళ్లను ఆడించేవి మోచేతి కింది కండరాల్లోని తంతువులు. అవీ పక్కపక్కన ఒదిగి బిగిసే పోగులే.

గాంధీజీ మెచ్చిన పనితనం ఇది. పొందూరు ఖాదీ గురించి రాసినవాళ్లం అందరం గాంధీ పేరు చెప్పి ఆగిపోతాం, వడికిన చెయ్యికి ముట్టేదేమిటో అడగం. రోజంతా రాట్నం ముందు కూర్చున్నా వచ్చే కూలి ఇల్లు గడవడానికి చాలదు. కూతుళ్లు ఈ పనిలోకి రావడం తగ్గిపోయింది, వాళ్లను తప్పుపట్టలేం. గాజులోని మలినం తీసిన పనికి లోకం ఎంత విలువ కట్టిందో, దూదిలోని చెత్త తీసిన పనికీ అందులో కొంతైనా కట్టాలి. పొందూరు పంచె గానీ చీర గానీ కొనేటప్పుడు దయచేసి బేరమాడకండి. వడికినవాళ్లకు ఎంత ఇస్తున్నారని దుకాణంలో ఒక్కసారి అడగండి.