సన్నబడే చోటు

ఈ వారం ఒక లెక్కల కబురు. ఓపిగ్గా చదవండి, చివరికి అది మన మింజూరుకే వస్తుంది.

వాకిట్లో గీత గీతను దాటకుండా, వంకరటింకరగా తిప్పి మొదలుకు కలిపిన ముగ్గును ఊహించుకోండి. ఆ గీత దానంతటదే కదులుతుందనుకుందాం. వంపు ఎంత ఎక్కువో వేగం అంత ఎక్కువ. ఉబ్బిన చోటు లోపలికి, నొక్కుకున్న చోటు బయటికి జరుగుతుంది. దీన్ని వక్రతా ప్రవాహం అనొచ్చు. ముందు పదునైన మలుపులు పోతాయి. తర్వాత గీత గుండ్రమై, చిన్నదై, చుక్కగా మారి మాయమవుతుంది. ఎక్కడా నొక్కులు లేని గీతలకు 1986లో గేజ్, హామిల్టన్ దీన్ని నిరూపించారు. ఎంత వంకర గీతకైనా ఇదే గతి అని 1987లో గ్రేసన్ తేల్చాడు. లోపలి వైశాల్యం తరిగే వేగం అన్ని గీతలకూ ఒకటే. గీత మాత్రం మధ్యలో తెగదు.

గీతను వదిలి ఉపరితలానికి వస్తే కథ మారుతుంది. కోడిగుడ్డులా అంతటా ఉబ్బినదైతే గుండ్రమవుతూ కుంచించుకుపోతుందని 1984లో హ్యూస్కెన్ చూపాడు. రెండు పెద్ద ఉండలను సన్నటి మెడ కలిపే డంబెల్ ఆకారమైతే అలా కాదు. మెడ సన్నం కాబట్టి దాని చుట్టూ వంపు ఎక్కువ. వంపు ఎక్కువైతే వేగం ఎక్కువ. అందుకని ఉండలు ఇంకా పెద్దవిగా ఉండగానే మెడ తెగిపోవచ్చు. దీన్నీ 1989లో గ్రేసనే నిరూపించాడు.

ఇది చదివినప్పటి నుంచీ నాకు మన ఇళ్లే గుర్తొస్తున్నాయి. ఒకవైపు అవ్వాతాతలు, వాళ్ల దగ్గర బోలెడంత తెలుగు. మరోవైపు పిల్లలు. అవ్వ ‘యాడికి పోతుండావు’ అంటే అర్థం చేసుకుంటారు, బదులు తమిళంలో చెబుతారు. మధ్యలో ఉన్న మెడ మనమే. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి చేశారు. ఇక్కడ బతికే పిల్లలకు తమిళం కావాలి కూడా. తెలుగు అక్షరం బాధ్యత మాత్రం మరింతగా ఇంటి మీద పడింది.

లెక్కలోని మెడకు బయటి నుంచి ఏదీ వచ్చి కలవదు. మనుషుల మెడకు కండ పట్టించొచ్చు. రాత్రి అన్నాల దగ్గర పావుగంట తెలుగు మాటలు చాలు, మొదలవుతుంది.

ప్రతి సమావేశంలో ఎంతమంది సభ్యులమో లెక్కపెట్టుకుంటున్నాం. ఈసారి ఇంట్లో పిల్లలతో తెలుగులో మాట్లాడే అమ్మానాన్నలు ఎంతమందో లెక్కపెడదాం.