ఆదేశానికి ఒకే వేషం

గద్వాల సంస్థానంలో పుట్టి, 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరుతో ఒక తెలుగు ఫాంటు ఉంది. ముఖ్యంగా వార్తాపత్రికల కోసమని 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించారు. సిలికానాంధ్ర దాన్ని ఎవరైనా వాడుకొనేలా విడుదల చేసింది. అందులో ఇంగ్లీషు అక్షరాలూ ఉన్నాయి. రెండు లిపులూ ఒకే వరుసలో సర్దుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది. కంప్యూటర్ పాఠాల్లోనూ ఈ శ్రద్ధ ఉంటే ఎంత బాగుండు!

వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో తెలుగు మీడియం చదివి డిగ్రీకి వచ్చిన పిల్లకు లైనక్స్ నోట్సు తెలుగులో రాసిచ్చారనుకోండి. గ్రెప్‌తో మొదలయ్యే ఆదేశం మొత్తం ఒక పేజీలో బోల్డుగా, మరో పేజీలో కొటేషన్ల మధ్య, ఇంకోచోట మామూలుగా ఉంటుంది. ఆమె కొటేషన్లతో సహా టైపు చేస్తుంది. తప్పు ఆమెది కాదు.

యూనిక్స్ మొదటి మాన్యువల్ మీద 1971 నవంబర్ 3 తేదీ ఉంది. ఆ సంప్రదాయంలో వచ్చిన లైనక్స్ మాన్యువల్ పేజీల్లో ఆదేశం బోల్డులో, మనం మార్చి రాసుకోవలసిన ఫైలు పేరు వాలు అక్షరాల్లో ఉంటాయి. ఏది ఉన్నదున్నట్టు కొట్టాలో, ఏది మార్చుకోవాలో చూడగానే తెలుస్తుంది.

తెలుగులో ఈ పద్ధతి యథాతథంగా కుదరదు. మన గుండ్రటి అక్షరాలను వాలిస్తే అందం పోతుంది. చిన్న సైజులో బోల్డు చేస్తే వాటి కడుపులు పూడిపోతాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు విభక్తులది. ఇంగ్లీషులో రాసిన ఆదేశానికి మనం 'తో' అనో 'ను' అనో తగిలిస్తాం. ఆ ప్రత్యయం కూడా బోల్డులో పడితే ఆదేశం ఎక్కడ ముగిసిందో కొత్తవాళ్లకు ఎలా తెలియాలి? మరో ఆపద వర్డ్ ప్రాసెసర్‌ది. ఆదేశంలో పక్కపక్కన కొట్టిన రెండు చిన్న గీతలను అది తనంతట తానే ఒక పొడుగు గీత చేస్తుంది. పేజీలో చూడ్డానికి బాగానే ఉంటుంది, టెర్మినల్‌లో పనిచేయదు.

నా మట్టుకు, ఆదేశాలన్నీ టైపు మిషన్ అక్షరాల్లా సమాన వెడల్పున్న ఇంగ్లీషు ఫాంటులోనే ఉండాలి. విభక్తి ఆ ఫాంటు బయట, మామూలు తెలుగు అక్షరాల్లో రావాలి.

తెలుగులో ల్యాబ్ నోట్సు రాసే ఉపాధ్యాయులారా, మొదటి పాఠానికి ముందే ఈ నియమాన్ని నాలుగు వాక్యాల్లో రాసిపెట్టండి. చివరి పేజీ దాకా దాన్ని తప్పకండి.