నీకూనా?

రెండో కాన్పు తరువాత ఆరేళ్ళపాటు ఈ బాధను ఎవరికీ చెప్పుకోలేదు. సాయంత్రమయ్యేసరికి కింద ఏదో బరువు వేలాడుతున్నట్టుండేది. విరేచనం సగంలో ఆగిపోయేది. ముక్కినకొద్దీ ఆ బరువు మరింత దిగేది. మలబద్ధకమే అనుకుని అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాను.

ఒక పెళ్ళిలో, నేను పీట మీద కూర్చోలేక లేవడం చూసి, వరుసకు పిన్ని అయ్యే ఆవిడ పక్కకు పిలిచి, "నీకూ గర్భసంచి జారిందా అమ్మాయ్?" అని మెల్లగా అడిగింది. ఆ "నీకూ" అన్న మాటకే నా కళ్ళు చెమర్చాయి.

ఆవిడే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గర్భసంచితోపాటు మలాశయం కూడా యోనిలోకి ఉబ్బిందనీ, దాన్ని రెక్టోసీల్ అంటారనీ డాక్టరుగారు చెప్పారు. సిలికాన్ రింగు అమర్చారు. 1948లో ఆర్నల్డ్ కెగెల్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన కటి కండరాల వ్యాయామాలు నేర్పారు. ఊపిరి బిగబట్టి ముక్కవద్దన్నారు.

కమోడు మీద కూర్చున్నప్పుడు పాదాల కింద ఎత్తుపీట వేసుకొమ్మనీ, యోని వెనుకగోడను వేలితో అదిమిపడితే విరేచనం సాఫీగా అవుతుందనీ చెప్పినది మాత్రం పిన్నే. "నేనూ అలాగే చేస్తాను, సిగ్గెందుకు?" అంది.

జారినది పూర్తిగా వెనక్కి పోలేదు. రోజులు మాత్రం తేలికయ్యాయి. మొన్న మా వీధిలో ఒకావిడ నీళ్ళబిందె దించి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. దగ్గరికి వెళ్ళి, ఈసారి నేనే అడిగాను.