ఇసుక చెప్పిన సాక్ష్యం

అడవిలో సంచరించే ప్రాణి తన రాకపోకల గుర్తును ఎక్కడో ఒకచోట విడిచిపోతుంది. నల్లమల చెంచులు తడిమట్టిమీది అడుగుజాడను చూసి, ఆ దారిన పోయినది పులియో చిరుతపులియో చెప్పగలరు. విరిగిన కొమ్మ, చెట్టుబెరడుమీది గోటిగీత, ముల్లుకు చిక్కిన వెంట్రుక వారికి అక్షరాలు. శాస్త్రజ్ఞులు సైతం చాలాకాలం ఈ విద్యనే ఆశ్రయించారు. తరువాతి కాలంలో అడవిలో కెమెరాలను అమర్చి జంతువులను లెక్కించడం నేర్చుకున్నారు. అయితే అడుగుజాడ నిలువని చోట, కెమెరాకు అందని చీకటిలో బ్రతికే ప్రాణుల మాటేమిటి? కంటికి కనబడనంత మాత్రాన అవి లేవని నిర్ణయించవచ్చునా? ఈ ప్రశ్నకు దక్షిణాఫ్రికాలోని ఇసుకదిబ్బలు చక్కని సమాధానం చెప్పాయి.

ఆ దేశపు పశ్చిమతీరంలో, అట్లాంటిక్ మహాసముద్రపుటొడ్డున పోర్ట్ నోలోత్ అనే చిన్న పట్టణం ఉన్నది. దాని పరిసరాలలోని ఇసుకనేలలు డి వింటన్ గోల్డెన్ మోల్ అనే చిన్న జంతువుకు ఆవాసం. చూడడానికి ఎలుకను తలపించినా అది ఎలుకజాతికి చెందినది కాదు. వంశక్రమంలో ఏనుగుకు దూరపు బంధువు. దాని కన్నులను చర్మం కప్పివేసి ఉంటుంది. చూపు లేని ఆ ప్రాణికి నేలలో పుట్టే స్వల్పమైన కదలికలను సైతం పసిగట్టగల శక్తిని ప్రకృతి ప్రసాదించింది. మిలమిల మెరిసే బొచ్చుతో, చేప నీటిలో ఈదినట్లు, అది ఇసుకలో ఈదుతూ పోతుంది. అది సాగిపోగానే వెనుక ఇసుక కూలి దారి మూసుకుపోతుంది. కనుక దాని జాడ పట్టడం బహు కష్టం. 1936వ సంవత్సరం తరువాత అది ఎవరికీ కనిపించినట్లు నిర్ధారణ కాలేదు. దశాబ్దాలు గడిచేకొద్దీ ఆ జాతి అంతరించి ఉంటుందన్న అనుమానం బలపడింది.

ఇటువంటి ప్రాణులను వెదకడానికి ఆధునిక విజ్ఞానం ఒక కొత్త మార్గాన్ని చూపింది. ప్రతి జీవి తన శరీరం నుండి చర్మకణాలను, వెంట్రుకలను, మలమూత్రాలను పరిసరాలలోనికి విడుస్తూనే ఉంటుంది. వాటితోపాటు దాని డి.ఎన్.ఎ. కూడా నీటిలో, మట్టిలో, గాలిలో కలుస్తుంది. దీనినే పర్యావరణ డి.ఎన్.ఎ. అంటారు. నాలుగక్షరాల వరుసగా వ్రాసి ఉన్న ఈ లిపిని చదివితే అది ఏ జాతికి చెందినదో తెలుసుకోవచ్చు. 2008లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు చెరువుల నుండి కొద్దిపాటి నీటిని తెచ్చి, అందులోని డి.ఎన్.ఎ. ఆధారంగా ఆ చెరువులలో అమెరికన్ బుల్‌ఫ్రాగ్ జాతి కప్పలున్న సంగతి నిరూపించారు. పరిసరాలలో దొరికే డి.ఎన్.ఎ. అత్యల్పం. దానిని పి.సి.ఆర్. అనే ప్రక్రియ ద్వారా అనేక రెట్లు పెంచి పరీక్షిస్తారు. 2020లో కరోనా వ్యాపించిన నాడు ఊరూరా జరిపిన పరీక్షకు మూలం ఈ ప్రక్రియే.

దక్షిణాఫ్రికాలోని ఎండేంజర్డ్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ అనే సంస్థకు చెందిన పరిశోధకులు, ప్రిటోరియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2021లో ఈ మార్గాన్నే అనుసరించారు. వారి వెంట జెస్సీ అనే శునకం నడిచింది. గోల్డెన్ మోల్ జాతుల వాసన పట్టడంలో దానికి శిక్షణ ఉన్నది. ఒక్కొక్క రోజు 18 కిలోమీటర్ల వరకు ఇసుకదిబ్బలను గాలిస్తూ, వారు నూరుకు పైగా మట్టి నమూనాలను సేకరించారు. ఒక్క జంతువునైనా పట్టి బంధించకుండానే, పిడికెడు ఇసుకను సాక్ష్యం అడగడమే ఈ పద్ధతిలోని విశేషం.

ఇసుక సాక్ష్యమైతే చెప్పింది గాని, ఆ సాక్ష్యం వెంటనే అర్థం కాలేదు. నమూనాలలో కొన్ని అక్కడ సాధారణంగా కనిపించే గ్రాంట్ గోల్డెన్ మోల్‌వని తేలింది. మరికొన్నింటిలోని డి.ఎన్.ఎ. ఏ జాతిదో నిశ్చయంగా చెప్పడానికి, పోల్చి చూడడానికి తగిన ఆధారం లేకపోయింది. చేవ్రాలు దొరికినా, అది ఎవరిదో తేల్చడానికి పాత దస్తావేజు కావాలి కదా! ఆ దస్తావేజు కేప్‌టౌన్‌లోని ఒక మ్యూజియంలో ఉన్నది. అక్కడ భద్రపరచిన డి వింటన్ గోల్డెన్ మోల్ కళేబరం నుండి సేకరించిన జన్యువు వివరాలు మరుసటి సంవత్సరం అందుబాటులోకి వచ్చాయి. రెంటినీ సరిపోల్చగా అవి ఏకీభవించాయి. ఎనభై ఏండ్లకు పైగా మనిషి కంటబడని ఆ ప్రాణి జీవించే ఉన్నదని 2023 నవంబరులో లోకానికి వెల్లడయింది.

ఈ విజయంలో శునకానికి, పరిశోధకులకు, యంత్రాలకు భాగం ఉన్నది. కళేబరాన్ని ఏనాడో భద్రపరచి, దానికి చీటీ కట్టి, పురుగు పట్టకుండా కాపాడుతూ వచ్చిన మ్యూజియం ఉద్యోగులకూ అంతే భాగం ఉన్నది. భావితరాలు దాని నుండి జన్యులిపిని చదువుతాయని దానిని భద్రపరచిన వారు ఊహించి ఉండరు. ఉపయోగం తెలియని నాడు కూడా ఒక వస్తువును జాగ్రత్తగా కాపాడడం గొప్ప జ్ఞానసేవ.

ఒక చిన్న జంతువు ఉంటేనేమి, పోతేనేమి అని కొందరు అడుగవచ్చు. పోర్ట్ నోలోత్ పరిసర తీరంలో వజ్రాల కోసం తవ్వకాలు చిరకాలంగా సాగుతున్నాయి. నేలను తవ్వినచోట ఇసుకలో ఈదే ప్రాణికి ఇల్లు ఉండదు. లేదనుకున్న జీవి పక్షాన వాదించేవారు ఎవరూ ఉండరు. ఉన్నదని తెలిసిన నాడే దాని ఆవాసాన్ని కాపాడమని అడిగే అవకాశం కలుగుతుంది. లేనిదానిని ఉన్నదనుకోవడమూ ప్రమాదమే. రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో పులులున్నాయని లెక్కలు చెబుతూ ఉండగానే, అక్కడ ఒక్కటి కూడా మిగలలేదని 2005లో తేలింది. కనుక సరియైన లెక్క సంరక్షణకు తొలిమెట్టు.

ఈ పద్ధతికి కొన్ని పరిమితులున్నాయి. డి.ఎన్.ఎ. ఒక జాతి ఉనికిని తెలుపుతుంది. అక్కడ ఎన్ని జంతువులున్నాయో, వాటి వయస్సెంతో, ఆరోగ్యమెట్లున్నదో చెప్పజాలదు. ప్రవాహం దానిని దూరప్రాంతాలకు కొనిపోవచ్చు. ఎండవేడిమికి అది త్వరగా నశించవచ్చు. పరిశోధకుని బూటుకు అంటిన మట్టి సైతం తప్పుడు సాక్ష్యం చెప్పవచ్చు. డి.ఎన్.ఎ. దొరకనంత మాత్రాన ప్రాణి లేదని తీర్పు చెప్పడమూ తగదు. అందువల్ల ఈ కొత్తవిద్య జాడలు చదివే పాతవిద్యకు తోడుగా నిలువవలసినదే గాని, దానిని త్రోసిపుచ్చేది కాదు.

ఈ శాస్త్రం మన గడపకు దూరమైనదేమీ కాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి అనుబంధంగా, అంతరించిపోతున్న జీవజాతుల సంరక్షణకోసం లాకోన్స్ అనే ప్రయోగశాల పనిచేస్తున్నది. అక్కడి శాస్త్రజ్ఞులు ఒడిశాలోని చిల్కా సరస్సు నీటిలోని డి.ఎన్.ఎ.ను పరిశీలించి, సూక్ష్మజీవులు మొదలుకొని పెద్ద ప్రాణుల వరకు అక్కడి జీవవైవిధ్యాన్ని అంచనా వేసే విధానాన్ని 2023లో ప్రకటించారు. మన చెరువులు, వాగులు, మడ అడవులు కూడా ఇటువంటి సాక్ష్యాలను తమలో దాచుకొని ఉన్నాయి. వాటిని చదవడానికి జీవశాస్త్రం తెలిసినవారు కావాలి, అడవి తెలిసినవారు కావాలి, నమూనాలను ఓపికగా భద్రపరచేవారు కావాలి. చదివిన సాక్ష్యాన్ని మన్నించి, ఆ ప్రాణులకు కాస్త చోటు మిగల్చడం మాత్రం అందరి బాధ్యత.