దారం చెప్పిన దూరం

హైదరాబాదు నుంచి విజయవాడకు బస్సులో పోయేవారికి దారిలో సూర్యాపేట వస్తుంది. తరవాత కోదాడ, ఆ తరవాత నందిగామ దాటి విజయవాడ చేరుకుంటారు. ఈ దారి ఇంచుమించు 275 కిలోమీటర్లు. మిర్యాలగూడ ఈ రోడ్డు మీద లేదు. దక్షిణంగా దూరాన వుండిపోయింది.

మరి విమానం కూడా రోడ్డు వెంటనే పోతుందా? ఒక దేశపటమూ, కొంచెం దారమూ వుంటే మనమే తేల్చుకోవచ్చు.

హైదరాబాదు విమానాశ్రయం శంషాబాదులో వున్నది. విజయవాడ విమానాశ్రయం గన్నవరంలో వున్నది. పటం మీద ఈ రెండు చోట్లా దారం కొసలు పెట్టి బిగించి పట్టుకోండి. తమాషా చూశారా! దారం సూర్యాపేటను గాని, కోదాడను గాని తాకలేదు. ఆ రెండూ దారానికి ఉత్తరంగా, ఇంచుమించు పాతిక కిలోమీటర్ల దూరాన వున్నవి. రోడ్డు వదిలేసిన మిర్యాలగూడ పక్క నుంచే దారం పోతున్నది. పైగా ఆ వూరు దాదాపు సగం దారిలో వున్నది.

దారం పొడవును పటం కొలతతో లెక్క కడితే సుమారు 264 కిలోమీటర్లు వస్తుంది. ఇటువంటి దగ్గరి ప్రయాణాలకు వాడే ఏ.టి.ఆర్-72 విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోగలదు. అంటే 32 నిమిషాలు చాలాలి. కాని ప్రయాణానికి ఇంచుమించు గంట పడుతుందంటారు. మిగిలిన కాలం ఏమైపోయింది?

విమానం మొదట నేల మీద మెల్లగా నడిచి పరుగుబాట చేరాలి. గాలికి ఎదురుగా పరుగెత్తితే రెక్కలకు బలం త్వరగా చిక్కుతుంది. అందుచేత తూర్పుకు పోవలసిన విమానం ఒక్కొక్కప్పుడు పడమరకు లేచి, చుట్టు తిరిగి వస్తుంది. పైకి ఎక్కేటప్పుడూ, కిందికి దిగేటప్పుడూ పూర్తి వేగం వుండదు. గన్నవరం దగ్గర మళ్ళీ పరుగుబాటకు ఎదురుగా తిరగాలి. అందువల్ల విమానం అచ్చంగా దారం మీదనే పోదు.

మబ్బులు లేని రోజున కిటికీలోంచి చూస్తే మిర్యాలగూడ చుట్టూ వరి మళ్ళు కనిపిస్తాయి. 1967లో కాలవలకు వదిలిన నాగార్జునసాగరు నీటి చలవ అది. కుడివైపున, వాడపల్లి దగ్గర, మూసీ నది కృష్ణలో కలుస్తుంది.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. మిర్యాలగూడలో అమ్మమ్మకు జబ్బు చేసిందని హైదరాబాదులోని అన్నదమ్ములకు కబురు వచ్చింది. అన్న విమానం ఎక్కాడు. తమ్ముడు సికింద్రాబాదులో రైలెక్కాడు. అమ్మమ్మను ముందు చూసేదెవరు?

అన్న అరగంటలోనే అమ్మమ్మ ఇంటి దగ్గరి ఆకాశంలోకి వచ్చేస్తాడు. కాని అక్కడ దిగే చోటేదీ? గన్నవరం దాకా పోయి, అక్కడి నుంచి నూట ముప్ఫై కిలోమీటర్లకు పైగా వెనక్కి రావాలి. బీబీనగరు మీదుగా వచ్చే రైలు తిన్నగా మిర్యాలగూడలోనే ఆగుతుంది. అన్న వచ్చేసరికి తమ్ముడు అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని వుంటాడు!

మీ వూరి నుంచి మీ అమ్మమ్మగారి వూరికి కూడా దారం పెట్టి చూడండి. దూరం ఒక్కటే కాదు, ఎక్కే చోటూ దిగే చోటూ కూడా లెక్కలో వేసుకోండి.