పరిశుద్ధతకు పల్లె కట్టిన వెల

తెలుగు క్రైస్తవ సంఘాల్లో శ్రమ అన్న మాట వినిపించని ఆదివారం అరుదు. అయితే ఆ మాటను అన్నింటికీ వాడివాడి దాని బరువు పోగొట్టిన సంగతి మాత్రం ఎవరికీ పట్టినట్టు లేదు. మధుమేహం మొదలుకొని వీసా రాకపోవడం వరకు, పంట పోవడం మొదలుకొని కోర్టులో దావా ఓడిపోవడం వరకు, విశ్వాసికి ఎదురైన ప్రతి ఇబ్బందినీ ఒకే గాటన కట్టి శ్రమ అని పేరు పెట్టడం, పెట్టిన వెంటనే దానికి కారణం వెదకడం, ఆ కారణం దాచిన పాపమనో చాలని విశ్వాసమనో తేల్చడం స్వస్థత కూటాల్లోనే కాక పాత మిషను సంఘాల ప్రసంగ వేదికల మీద కూడా రివాజుగా మారింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట నిలబడి, ఆ మరణం ద్వారా దేవుడు ఆమెకు ఏ పాఠం నేర్పదలచాడో వివరించే బోధకుడు యోబు స్నేహితుల వరసలో చేరుతున్నాడు. ఆ స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట పలకకుండా నేల మీద యోబు పక్కన కూర్చున్నారు. వారు చేసిన మేలంతా అంతే, నోరు తెరిచాక వారు చెప్పిన సిద్ధాంతాన్ని గ్రంథం చివర దేవుడే తప్పుబట్టాడు. రోగికి కావలసింది వైద్యం, తోడు. తన రోగానికి అర్థం చెప్పమని అతడు ఎవరినీ అడగలేదు.

శ్రమను గురించి కొత్త నిబంధనలో అన్నింటికంటె నిలకడగా ఆలోచించిన మొదటి పేతురు పత్రిక ఈ గందరగోళానికి తావివ్వదు. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ అనే ప్రాంతాల్లో, అంటే నేటి టర్కీ దేశంలో చెదరి ఉన్న విశ్వాసులకు రాసిన ఉత్తరమిది. వారిలో యజమానుల దయ మీద బతికే బానిసలు, అవిశ్వాసులైన భర్తలతో కాపురం చేసే స్త్రీలు కనిపిస్తారు. వీరంతా నిన్నటిదాకా ఇరుగుపొరుగుతో కలిసి తాగినవారు, కలిసి విగ్రహాల పండుగలు చేసినవారు. ఇప్పుడు మానుకున్నారు, మానుకున్నందుకు పొరుగువారు విస్తుపోయి దూషిస్తున్నారు. ఈ వరస గమనించదగినది. ముందు నడత మారింది, శ్రమ దాని వెంట వచ్చింది. శ్రమే మనిషిని పరిశుద్ధుణ్ణి చేస్తుందని వరసను తిరగేసి చెప్పేవారు ఆ పత్రిక నాలుగో అధ్యాయాన్ని మళ్లీ చదవాలి. హంతకుడుగానో, దొంగగానో, పరుల జోలికి పోయేవాడుగానో పడిన బాధకు అక్కడ ఏ గౌరవమూ దక్కలేదు, క్రైస్తవుడైనందుకు పడిన బాధ ఒక్కటే సిగ్గుపడనవసరం లేనిది. క్రైస్తవుడు అనే పేరు కొత్త నిబంధన మొత్తంలో మూడు చోట్లే ఉండగా, అందులో ఒకటి ఈ చోటు.

పరిశుద్ధత అంటే దేవుని కోసం ప్రత్యేకింపబడి ఉండటం. ప్రార్థనలో గడిపే గంటలతోనో తెల్లబట్టలతోనో దీన్ని కొలిచే అలవాటు బలంగా ఉంది గాని, పేతురు ఆధారం చేసుకొన్న లేవీయకాండంలో పరిశుద్ధులై ఉండమన్న ఆజ్ఞ తరువాత వచ్చే సంగతులు వేరు: పొలం అంచుల్లోని పంటను బీదలకు విడిచిపెట్టాలి, కూలివాని కూలిని తెల్లవారేదాకా ఆపకూడదు, తూకంలో మోసం చేయకూడదు. ఈ విధంగా బతికేవాడు ఊరి లెక్కల్లోకి, ఊరి అంగట్లోకి అడుగుపెట్టక తప్పదు, ఎవరో ఒకరి రాబడికి అడ్డం తగలకా తప్పదు. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ, పొంతు ప్రాంతాలను ఏలిన ప్లినీ అనే రోమా అధికారి ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరమే దీనికి సాక్ష్యం. ఇద్దరు బానిస స్త్రీలను, సంఘంలో పరిచారికలుగా ఉన్నవారిని, హింసించి విచారించినా అతనికి నేరమేదీ దొరకలేదు. క్రైస్తవులంతా నియమిత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తును కీర్తించి, దొంగతనం, వ్యభిచారం చేయబోమని ఒట్టు పెట్టుకుంటారని మాత్రం తెలిసింది. అదే ఉత్తరంలో గుళ్లు పాడుబడటం గురించి, బలి మాంసానికి కొనేవారు కరువైపోవడం గురించి కూడా ఉంది. నేరమేదీ లేకున్నా, క్రైస్తవుడనే పేరు ఒప్పుకొని విడవనివారికి మరణశిక్ష పడింది.

తెలుగు క్రైస్తవునికి ఇంత దూరం పోనక్కరలేదు, ఒంగోలు సీమ చాలు. 1866లో ఒంగోలుకు వచ్చి స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి వెంట పల్లెల్లోకి వెళ్లి, బాప్తిస్మం కోరినవారి ముందు మూడే నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. నేటి పట్టణ విశ్వాసికి ఇవి చిన్న సంగతులుగా కనిపిస్తాయి. ఆనాటి పల్లెలో మాత్రం ఒక్కొక్కటీ ఒక్కొక్క కట్టును తెంచింది. ఆదివారం పని మానడమంటే కరణం, మునసబు కబురంపినప్పుడు వెట్టికి, అంటే కూలి లేని చాకిరికి, వెళ్లనని చెప్పడం; చచ్చిన గొడ్డును తిననడమంటే ఊరు తమకు కేటాయించిన వాటాను, దానితో వచ్చిన హీనతను తిరగగొట్టడం; విగ్రహాలకు మొక్కననడమంటే జాతరలో డప్పు కొట్టననడం. మాదిగ డప్పు మోగకపోతే ఊరి దేవత ఊరేగింపు కదలదు. అందుకే బావి దగ్గరికి రానివ్వలేదు, అంగట్లో సరుకు అమ్మలేదు, దొంగ కేసులు బనాయించారు, కొట్టారు. ఏ వేదాంత గ్రంథమూ చదవని ఆ చెప్పులు కుట్టే మనుషులు పేతురు పత్రికను తమ ఒంటి మీద చదువుకున్నారు. తెలుగు సంఘానికి సొంతమైన శ్రమల చరిత్ర ఇదే. పాశ్చాత్య హతసాక్షుల కథలు వల్లించే వేదాంత కళాశాలలు దీనికిచ్చే చోటు చాలా తక్కువ.

ఇచ్చే కొద్దిపాటి చోటు కూడా అంకెలకే పోతుంది. 1878 జులై మొదటివారంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2వ తేదీన 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి జరిగిన బాప్తిస్మాలను స్మరించని వార్షికోత్సవం లేదు. అంతకు ముందరి పదిహేను నెలల కథ చెప్పేవారు అరుదు. 1876-78 నాటి మహా కరువులో, యవ్వనంలో సర్వేయరుగా పనిచేసిన క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి, కూడు చూపించాడు. కాలువ గట్టు మీద పగలు పలుగుపార, విరామంలో బోధ నడిచాయి. విన్నవారు బాప్తిస్మం అడిగారు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆ పదిహేను నెలలూ ఎవరికీ ఇవ్వలేదు. సాయం పంచడం ముగిసి, ఇక మిషను నుంచి ఆశించడానికి ఏమీ మిగలలేదని అందరికీ తెలిశాకే గుండ్లకమ్మలో దిగనిచ్చారు. ఆకలిగొన్నవాని ఆకలిని అవకాశంగా వాడుకోకపోవడం పరిశుద్ధ జీవనానికి ఎంత గట్టి ఉదాహరణ! బాధలో ఉన్నవారిని కానుకల కవరుతో రమ్మని పిలిచే నేటి ప్రకటనల పక్కన ఆ నిరీక్షణను పెట్టి చూస్తే బాధ కలుగుతుంది.

ఒకరు తెలిసి ఎన్నుకున్న శ్రమను గౌరవించడం వేరు, మరొకరి నెత్తిన శ్రమను రుద్దడం వేరు. పేతురు పత్రికలో బానిసలకు చెప్పిన మాటలను అమెరికాలోని బానిసల యజమానులు తమ కొరడాకు అండగా వాడుకున్నారు. భర్త చేతి దెబ్బలు తింటున్న స్త్రీకి అదే పత్రిక తెరిచి సహించమని చెప్పే పెద్దలు నేటికీ ఉన్నారు. ఇది దుర్బోధ. దెబ్బలు తిన్న క్రీస్తును ఆ పత్రిక చూపింది దెబ్బలు తినేవారికి ధైర్యం చెప్పడానికి, కొట్టేవారిని కాపాడటానికి కాదు. ఒంగోలు సీమ మాదిగలు కూడా వెట్టిని సహించి పరిశుద్ధులు కాలేదు, వెట్టికి పోమని చెప్పి దానివల్ల వచ్చిన కష్టాన్ని సహించారు. వారు వదిలిన డప్పును వారి మునిమనవలు నేడు ఆత్మగౌరవ సభల్లో తలెత్తుకొని మోగిస్తున్నారు, కొన్ని సంఘాల్లో ఆరాధనలోనూ మోగుతోంది. ఆనాడు వద్దన్నది వాద్యాన్ని కాదు, దాని వెనుక ఉన్న ఆజ్ఞను అని గ్రహించని పెద్దలు ఆ డప్పును గుమ్మం బయటే ఆపుతున్నారు.

ఆ వెల చెల్లింపు ముగియలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే ప్రధానంగా పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. బాప్తిస్మం పొందిన మాదిగ, మాల బిడ్డలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను బీసీ-సి కింద ఒక్క శాతం కోటాలోనే మిగిలారు. తన విశ్వాసాన్ని కాగితం మీద నిజంగా రాసుకున్న యువకుడు ఉద్యోగం, హాస్టలు సీటు, ఎన్నికల్లో రిజర్వుడు స్థానం నుంచి పోటీ చేసే హక్కు వంటివి వదులుకోవలసి వస్తుంది. రాయనివాడు ప్రతి దరఖాస్తులోను తన పేరును రెండుగా మోస్తాడు. నిజం చెప్పినందుకు పడే ఈ బాధ పేతురు చెప్పిన శ్రమకు సరిగ్గా సరిపోతుంది. ప్రసంగ వేదికలు మధుమేహానికి కారణాలు వెదకడం మాని ఈ యువకుని పక్షాన మాట్లాడాలి, అతనికి ఫీజు కట్టే సంఘ నిధి ఒకటి ఏర్పాటు చేయాలి.