ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరుండాలి, స్టార్టర్ డబ్బా దాని కింద ఉండొద్దు

చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ పెట్టించుకోవాలి, మోటరు స్టార్టర్ డబ్బా దానికి ఎంత దూరంలో ఉండాలి అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. మా ఖానాపురం హవేలిలో మా నలుగురి బోర్లకు కలిపి 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కోసం డీడీ కట్టాం. పోయిన నెలంతా మాకు ఇదే చర్చ. మేం ఏం లెక్క వేసుకున్నామో, ఎట్లా తేల్చుకున్నామో రాస్తున్నా. పోస్టు పొడుగవుద్ది, ఓపికగా చదవండి.

ముందు మా పరిస్థితి చెప్తా. ఇప్పుడు మా మోటర్లన్నీ రోడ్డు పక్కనున్న 100 కేవీఏ మీద నడుస్తున్నాయి. అక్కడి నుంచి మా బావ బోరు 250 మీటర్లు, నాది 380, మా తమ్ముడిది 450. అన్నిటికన్నా చివర 620 మీటర్ల దగ్గర మా పెద్దమ్మ బోరు. మా ముగ్గురివి 5 హెచ్‌పీలు, ఆమెది 3 హెచ్‌పీ. పెద్దమ్మకు రెండెకరాల మిరప. పోయిన ఏడాది ఆమె మోటరు రెండుసార్లు కాలింది. మోటరు పైకి తీయడం, వైండింగ్, మళ్లీ దించడం, ఈ ఖర్చు రెండుసార్లు పెట్టింది. తోట పూత మీదున్నప్పుడు తొమ్మిది రోజులు నీళ్లు లేవు. మోటరు మంచిది కాదని అందరూ అన్నారు. సాయంత్రం అన్ని మోటర్లు నడిచేటప్పుడు ఆమె డబ్బా దగ్గర మీటరు పెట్టి చూస్తే 340 వోల్టులు. ఉండాల్సింది 415.

340 వోల్టులంటే తక్కువేం కాదు కదా అనిపిస్తది. కానీ మోటరు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి పడిపోద్ది. 415కు 340 వస్తే బలం మూడింట రెండు వంతులే మిగులుద్ది. నీళ్ల బరువు మాత్రం అంతే. అందుకని మోటరు ఎక్కువ ఆంపియర్లు గుంజుతది, వేడెక్కుతది, చివరికి కాలుద్ది. లైను చివర ఉన్నోళ్లకే మోటర్లు ఎక్కువ కాలేది ఇందుకే.

ఈ బాధకే ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పుడే హెచ్‌వీడీఎస్ అని తెచ్చారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకచోట పెట్టి పొడుగు ఎల్టీ లైను లాగేదానికి బదులు, 11 కేవీ లైనునే పొలాల దాకా తెచ్చి ఇద్దరు ముగ్గురికి ఒక 16 గానీ 25 కేవీఏ గానీ పెట్టడం. దీని లెక్క తేలిక. 25 కేవీఏ నిండుగా నడిచినా 11 కేవీ వైపు గుంజేది 1.3 ఆంపియర్లు. అదే మన వైపు 33 ఆంపియర్లు. తీగలో పోయే నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటది. మామూలు 34 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగలో 30 ఆంపియర్లు అర కిలోమీటరు పోతే 20 వోల్టుల పైనే దారిలో పోతాయి. అదే సరుకు 11 కేవీలో వస్తే నష్టం లెక్కలోకే రాదు.

మా నాలుగు మోటర్లు కలిపి సుమారు 27, 28 ఆంపియర్లు. 25 కేవీఏకి సరిపోద్ది, కానీ అయిదో మోటరు తగిలిస్తే సరిపోదు. నాలుగూ ఒకేసారి స్టార్ట్ కాకూడదు కూడా. స్టార్టయ్యేటప్పుడు ఒక్కో మోటరు అయిదారు రెట్లు గుంజుతది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు కూడా. కరెంటు వచ్చీరాంగనే మోటర్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఎట్లా ఆగుతది?

ఇక ఎక్కడ పెట్టాలనే గొడవ. మా బావ రోడ్డు పక్కనే పెడదామన్నాడు. కాలితే బండి నేరుగా వస్తది, దొంగల భయం తక్కువ, స్తంభాలు తక్కువ పడతాయి. మాటలో న్యాయం ఉంది. కాపర్ కాయిళ్ల కోసం చేలల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టిన సంగతులు మనకు కొత్త కాదు. కానీ రోడ్డు పక్కన పెడితే పెద్దమ్మకు మళ్లీ 620 మీటర్ల తీగే.

ఆమె ఒకటే అన్నది. "అయ్యా, మీ మోటర్లు నడుస్తున్నయి కాబట్టి మీకు ఎక్కడైనా ఒకటే. నాకు మళ్లా కాలితే ఈసారి తోట అమ్ముకోవాలె."

టేపు పట్టుకొని కొలిచాం. రోడ్డు నుంచి 430 మీటర్ల దగ్గర, నా మిరప చేను మూల మీద పెడితే తమ్ముడికి 20 మీటర్లు, నాకు 50, బావకు 180, పెద్దమ్మకు 190. ఎవరికీ 200 దాటదు. నా చేన్లో రెండు స్తంభాల జాగా పోద్ది. ట్రాక్టరు తిప్పుకునే మూల అది. గెట్టు మీద వేపచెట్టు కొమ్మలు కూడా కొట్టాలి. మా ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. అయినా ఒప్పుకున్నాం. బండి దారి కోసం బావ తన గెట్టు వెంట ఎనిమిది అడుగులు వదులుతానన్నాడు.

అంత దగ్గర పెడుతున్నాం కదా, నాలుగు స్టార్టర్ డబ్బాలూ ఆ స్తంభానికే బిగిద్దాం, తీగ ఖర్చు తగ్గుద్ది, ఒకరు పోయి నాలుగూ వేయొచ్చు అన్నాడు తమ్ముడు. చాలా ఊళ్లలో ఇట్లాగే ఉంది. నేను దీనికి ఒప్పుకోలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ కింద ఏమేం జరుగుద్దో చూడండి. జంపర్ తెగితే కిందికే పడుద్ది. ఆయిల్ కారితే అక్కడే కారుద్ది. ఫీజు పేలితే నిప్పురవ్వలు నెత్తి మీదే. ఎర్తింగ్ ఎండిపోయి బాడీకి కరెంటు వస్తే చుట్టుపక్కల తడి నేలలోకి పాకుద్ది, ఒక కాలికీ ఇంకో కాలికీ మధ్యే వోల్టేజీ తేడా వస్తది. మనం డబ్బా దగ్గరికి పోయేది చీకట్లో, తడికాళ్లతో. పైగా డబ్బా అక్కడే ఉంటే ఫీజు పోయినప్పుడు చెయ్యి ఊరుకోదు. ఏబీ స్విచ్ దించామనుకుంటాం, మూడు బ్లేడుల్లో ఒకటి ఊడకుండా ఉంటే చాలు. ఫీజు పోతే లైన్‌మేన్‌కు చెప్పాలి, లేదా 1912కు ఫోన్ చేయాలి. నీళ్లు ఒక పూట ఆలస్యమైనా ఫర్వాలేదు.

బోరు పక్కన కూడా ట్రాన్స్‌ఫార్మర్ వద్దు. మోటరు తీసేటప్పుడు 20 అడుగుల జీఐ పైపు నిలువుగా లేస్తది. బోరు లారీ మాస్టు అంతకన్నా ఎత్తు. పైన 11 కేవీ ఉంటే పైపు తీగకు తగలనక్కర్లేదు, దగ్గరికి పోయినా ప్రమాదమే. తమ్ముడి బోరు 20 మీటర్లే కాబట్టి లైను బోరు వైపు నుంచి కాకుండా అవతలి గెట్టు మీదుగా రావాలని ముందే మాట్లాడుకున్నాం.

చివరికి తేల్చింది ఇది. ఎవరి డబ్బా వాళ్ల బోరు దగ్గర, సొంత రాతి స్తంభానికి, ఛాతీ ఎత్తున. వాన జల్లు కొట్టే దిక్కుకు తలుపు పెట్టకూడదు. కింద సిమెంటు గద్దె, దాని మీద ఎండు చెక్క. ఇనుప డబ్బాకు సొంత ఎర్తింగ్, ఉప్పు బొగ్గు పోసిన గుంత, ఎండాకాలంలో నీళ్లు పోయాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగుకు దీన్ని కలపొద్దు. ఇంటి నుంచి డబ్బా దగ్గరికి వచ్చే దారి ట్రాన్స్‌ఫార్మర్ కింద నుంచి ఉండొద్దు. డబ్బా దగ్గర నిలబడితే ట్రాన్స్‌ఫార్మర్ కనబడాలి, అక్కడ ఏదైనా మెరిసినా తెగినా బటన్ నొక్కకముందే తెలుస్తది.

తీగ ఖర్చు నలుగురం సమానంగా వేసుకుంటున్నాం, దూరాన్ని బట్టి కాదు. దీనికి బావ ముందుగా ఒప్పుకున్నాడు. మిరప కోతలు అయ్యాక చేను ఖాళీ అవుద్ది, అప్పుడు స్తంభాలు పాతుతారు. మీరు కూడా డీడీ కట్టేముందే టేపు పట్టుకొని చివరి బోరు దాకా ఒకసారి నడవండి. స్తంభం పాతాక జరపడం మన చేతుల్లో ఉండదు.